'వాక్ అవే'కి తెలుగేమిటి?

అందరికీ నమస్కారం. సాయంత్రం పూట మా మేడ మీద ఆరేడుగురు ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతుంటాను. నిన్నటి పాఠం నేనే రాసుకున్న చిన్న సంభాషణ. బడి విడిచాక గేటు దగ్గరికి రా, తేల్చుకుందాం అని ఒకడు సవాలు విసురుతాడు. వెళ్ళాలా వద్దా అని రెండోవాడు తన స్నేహితుణ్ణి అడుగుతాడు. స్నేహితుడు చెప్పేది మూడే మాటలు: 'జస్ట్ వాక్ అవే'.

దీన్ని తెలుగులో రాయమంటే ఒక అబ్బాయి 'కేవలం దూరంగా నడువుము' అని రాసి, కింద స్కేలు పెట్టి గీత కూడా గీశాడు. పక్కనున్న అమ్మాయి తొంగిచూసి, "మా తాతయ్యకు షుగర్ డాక్టరు చెప్పినట్టుంది" అంది. అందరం నవ్వాం. తీరా సరైనది మీరే చెప్పండి అన్నారు. నాకు నోట మాట రాలేదు.

'పారిపో' కాదు, అది 'రన్ అవే'. పరిగెత్తితే పిరికితనం, నడిస్తే నిబ్బరం. ఆ తేడా అంతా 'వాక్' అనే మాటలోనే ఉంది. 'వెళ్ళిపో' అంటే మనమే వాణ్ణి పొమ్మంటున్నట్టు ఉంటుంది. 'తప్పుకో' అంటే ఎదురుగా లారీ వస్తున్నట్టు. 'వదిలెయ్యి' కొంత నయం, కానీ మనసులో వదిలేసినవాడు కూడా గేటు దగ్గరే నిలబడి ఉండవచ్చు. 'తన కోపమె తన శత్రువు' పద్యం పెట్టబోయేవారికి ముందే దండం. అది కోపం గురించి. నాకు కావలసింది కాళ్ళ గురించి.

వ్యాఖ్య 1:
మా అమ్మ ఏమనేదో చెబుతాను. "వాడేమన్నా అననీ, నువ్వు మాత్రం వచ్చెయ్యి." ఇంగ్లీషువాడు గొడవ దగ్గర నిలబడి చూస్తాడు కాబట్టి, అక్కడి నుంచి దూరంగా పొమ్మంటాడు. అమ్మ ఇంటి గుమ్మంలో నిలబడి చూస్తుంది కాబట్టి రమ్మంటుంది. నా ఓటు 'వచ్చెయ్యి'కే.

వ్యాఖ్య 2:
పై వ్యాఖ్య బాగుంది. కానీ మీ పాఠంలో చెప్పేది అమ్మ కాదు, పక్కన ఉన్న స్నేహితుడు. వాడు 'వచ్చెయ్యి' అంటే 'నాతో రా' అన్న అర్థం కూడా వస్తుంది. నాకు తోచింది 'నీ దారిన నువ్వు పో'. తమాషా ఏమిటంటే, ఈ 'అవే' అనే మాట ప్రాచీన ఇంగ్లీషులో 'ఆన్', 'వెగ్' అనే రెండు మాటలు కలిసి పుట్టింది. 'వెగ్' అంటే దారి, ఇప్పటి 'వే' అదే. అంటే 'అవే' పుట్టుకలోనే మన 'దారిన' ఉంది. దూరం అన్న అర్థం తరవాత స్థిరపడింది. మీ అబ్బాయి 'దూరంగా' అని రాయడం నిఘంటువు చేసిన తప్పే.

వ్యాఖ్య 3:
మేము అమెరికాలో ఉంటాం. ఇక్కడ కొన్ని బడుల్లో ఏడిపించేవాళ్ళ నుంచి తప్పించుకోవడానికి చిన్నపిల్లలకు మూడు మాటలు నేర్పుతారు: 'స్టాప్, వాక్, టాక్'. ముందు ఆపమని గట్టిగా చెప్పాలి. వినకపోతే అక్కడి నుంచి నడిచి వచ్చెయ్యాలి. అప్పటికీ వదలకపోతే పెద్దవాళ్ళకు చెప్పాలి. మా పాపకు మొదటి రెండూ తెలుగులో చెప్పగలిగాను. మూడోదాని దగ్గరే చిక్కు. 'టీచరుకు చెప్పు' అనగానే, "అది చాడీ కదా నాన్నా?" అంది. చాడీకీ సాయం అడగడానికీ తేడా చెప్పేసరికి కూర మాడిపోయింది.

వ్యాఖ్య 4:
కాస్త పక్కదారి పడుతున్నాను, మన్నించండి. నేను ముప్ఫై ఏళ్ళు బడిపంతులుగా చేశాను. "ఎవరు ముందు కొట్టారు?" అని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "కొట్టుకున్నాం సార్." ఆ 'కొను' చేరగానే నేరం చెరిసగం అయిపోతుంది. తిట్టుకున్నాం, నెట్టుకున్నాం, గిల్లుకున్నాం. ఇంగ్లీషులో 'ఈచ్ అదర్' అని విడిగా తగిలించాలి. ఇంకో మాట కూడా మీ పిల్లలకు చెప్పండి. 'ఫైట్ విత్' అంటే వాడి మీద కలబడటం కావచ్చు, వాడి పక్షాన నిలబడి పోరాడటమూ కావచ్చు. మనం 'వాడితో కొట్లాడాను' అంటే మొదటిదే. రెండోదానికి 'వాడితో కలిసి' అంటాం.

మళ్ళీ నేనే:
అందరికీ ధన్యవాదాలు. ఈరోజు 'నీ దారిన నువ్వు పో', 'వచ్చెయ్యి' రెండూ పలక మీద రాసి, ఏది కావాలో తేల్చుకోమన్నాను. పిల్లలు రెంటినీ కలిపేశారు: 'నీ దారిన నువ్వు వచ్చెయ్యి'. నిన్న గీత గీసిన అబ్బాయి మాత్రం రాయకుండా కూర్చున్నాడు. ఏమిటని అడిగితే, "వాడు వెనకాలే వస్తే? దాన్ని ఇంగ్లీషులో ఎలా అడగాలి?" అన్నాడు. 'వాట్ ఇఫ్' రేపటి పాఠంలో పెట్టాను. పాఠం అయ్యాక వాడితో విడిగా మాట్లాడాలి కూడా.