చలవ చేయడమంటే చల్లబరచడమేనా?

నిన్న గ్రూపులో ఒకరు అడిగారు: "సగ్గుబియ్యం జావ వేడివేడిగానే తాగుతాం కదా, అది చలవ ఎలా చేస్తుంది?" మా కోనసీమలో ఈ మాట రోజూ అనేవాళ్లే, అర్థం చెప్పమంటే మాత్రం నీళ్లు నములుతారు.

నా లెక్కలో ఇక్కడ వేడికీ చలవకీ థర్మామీటరుతో పనిలేదు. జ్వరమొస్తే "ఒళ్లు కాలిపోతోంది" అంటాం, అది వేరు. నోరు పూసినా, కడుపు మండినా, ఒంటేలు మంటగా వచ్చినా "వేడి చేసింది" అంటాం. ఫ్రిజ్‌లోంచి తీసిన మామిడిపండూ వేడే, పొయ్యి మీంచి దించిన బార్లీ నీళ్లూ చలవే. మంట పుట్టించేది వేడి, అణిచేది చలవ.

అణిచే సరుకులు చూడండి. గ్లాసు నీళ్లలో చెంచాడు సబ్జా గింజలు వేస్తే పావుగంటలో ఒక్కో నల్లగింజ చుట్టూ తెల్లటి జిగురు పట్టేస్తుంది. రాత్రి నానేసిన మెంతులు పొద్దుటికి వేళ్లలోంచి జారిపోతుంటాయి. తుమ్మబంక, ఇసబ్‌గోల్, బెండకాయ అన్నీ ఆ కోవవే. ఆ జిగురు నీటిని పట్టుకుని గొంతులో, పేగుల్లో పూతలా పరుచుకుంటుంది, ఒరిపిడి తగ్గుతుంది. తమాషా ఏంటంటే, రోగం జిగట విరేచనాలు, మందూ జిగురే!

ఇది చదివి గ్రూపులో మాటలు మొదలయ్యాయి.

— అన్నిటికీ జిగురంటే ఎలాగండీ? ముంజల్లో, కొబ్బరినీళ్లలో బంకేదీ? పైగా చలవ కళ్లద్దాలు, చలవరాయి, చలవ చేసిన పంచె ఉన్నాయి. "అంతా మీ చలవే" అనేదాన్ని ఎక్కడ పెడతారు?

— ఆయ్, అవీ ఉన్నాయండి. ముంజలది నీటి చలవ, జావది జిగురు చలవ. కళ్లద్దాలైనా, పెద్దల దయైనా చేసేది ఎండ తగలకుండా కాయడమే కదా. పంచె సంగతి వేరు, అక్కడ ఉతికి తెల్లగా చేయడం. కాకపోతే పంచెకి పెట్టే గంజినే కడుపు బాగోనప్పుడు ఉప్పేసుకుని తాగుతాం!

— నాదో మాట. సగ్గుబియ్యం అసలు బియ్యమే కాదు, కర్రపెండలం పిండి. సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లుల్లో తయారవుతుంది. ఇసబ్‌గోల్ పేరు పారశీకం, గింజ ఆకారాన్ని బట్టి 'గుర్రపు చెవి' అని చెబుతారు. ఎక్కడినుంచి వచ్చినా మనవాళ్లు మాత్రం 'చలవ' కిందే జమకట్టేశారు.

ఇసబ్‌గోల్ పొడిగా నోట్లో వేసుకోకండి, గొంతులోనే ఉబ్బి పట్టేస్తుంది. గ్లాసు నిండా నీళ్లతో తాగాలి. దగ్గుకీ మంటకీ మంచిదని అతిమధురం రోజూ చప్పరించేవాళ్లకి బీపీ పెరగొచ్చు. విరేచనంలో నెత్తురు కనిపిస్తే చలవ సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.