సమస్యాపూరణం: గురియె లేనివాడు గొలుసు గొట్టె

నిర్వాహకుడు, తిరుపతి:
ఈ వారం సమస్య: "గురియె లేనివాడు గొలుసు గొట్టె." డిస్క్ గోల్ఫ్ మీదే రాయాలి. గొలుసులు వేలాడే బుట్టలోకి డిస్క్ విసిరే ఆట అది. 2021లో అమెరికాలోని ఆగ్డెన్‌లో జరిగిన ప్రపంచ పోటీ వీడియో చూసినప్పటి నుంచి ఈ పాదం నన్ను వదలడం లేదు. ఆఖరి బుట్ట దగ్గర జేమ్స్ కాన్రాడ్ ఒక్క త్రో వెనకబడి ఉన్నాడు. 247 అడుగుల నుంచి విసిరితే నేరుగా గొలుసుల్లో పడింది. అప్పటిదాకా ముందున్న పాల్ మెక్‌బెత్‌తో సమమై, ప్లేఆఫ్‌లో టైటిల్ గెలిచాడు. అదృష్టమా, నేర్పా? గొలుసు దొంగల పూరణలు ఈసారి తీసుకోను.

చంద్రగిరి బాబాయి:
దూరమందు బుట్ట తోపుచాటున నుండ
గాలి వీచి చక్ర గతిని మార్చె
చూపరెల్ల రనిరి "చోద్య మదృష్టమే
గురియె లేనివాడు గొలుసు గొట్టె"

పాకాల అయ్యవారు:
ధార బాగుంది బాబాయ్. కానీ రెండో పాదంలో ఒక్క మాట పద్యాన్ని తలకిందులు చేసింది. గాలి వీచి డిస్క్ దారి మార్చిందంటే ఆటగాడికి మిగిలిందేముంది? ఎదురుగాలిలో డిస్క్ పైకి లేస్తుంది, వెనకగాలిలో తొందరగా దిగిపోతుంది. కుడిచేత్తో మామూలుగా విసిరేవాడికి అంచు అరిగిన పాత డిస్క్ కుడికి మళ్ళుతుంది. గట్టి కొత్తది చివర్లో ఎడమకు వాలుతుంది. సంచి నిండా డిస్కులు మోసుకు తిరిగేది అందుకే. గాలి చూసి ఏది తీయాలో తెలియడమే ఆట. "గాలి నెరిగి చక్ర గతిని మార్చె" అనండి. అప్పుడు మార్చింది గాలి కాదు, వాడు. అదృష్టమన్నది తెలియనివాళ్ళ మాట అయిపోతుంది.

చంద్రగిరి బాబాయి:
చెట్ల మధ్య నుంచి వచ్చే విసురును ఎవరు ఎరుగుతారు అయ్యవారూ? మా మనవడు కోట దగ్గర విసురుతుంటే చూస్తుంటాను. కొండ మీది నుంచి గాలి ఒక్కసారి దిగిందంటే డిస్క్ అంచు లేచి, పక్కకు జారి, తుమ్మచెట్టులో ఇరుక్కుంటుంది. వాడి కంటే ముందు విసిరిన పిల్లాడికి ఆ గాలి ఉండదు. నా పాదం మార్చను. మీ పూరణ పెట్టండి చూద్దాం, ఉగాదినాడు మామిడి సమస్యలో యతి కుదరక ప్రాసయతితో (మొదటి అక్షరం బదులు రెండో అక్షరం కలిపి) గట్టెక్కినట్టు కాకుండా.

పాకాల అయ్యవారు:
చక్క గురిని జూచి చక్రమ్ము విసరంగ
గొలుసు తగిలి బయట కొచ్చి పడియె
మ్రాను తాకి మరలి మరొక చక్రమ్ముతో
గురియె లేనివాడు గొలుసు గొట్టె

చంద్రగిరి బాబాయి:
"బయట కొచ్చి" ఏంటండీ? గ్రామ్యం. "కొరిగి" అంటే సరిపోయేది. మూడో పాదంలో "మరొక" మూడు లఘువులే, గణం చాల్లేదు.

పాకాల అయ్యవారు:
"కొరిగి" మంచి మాట, తీసుకుంటున్నా. గణం మాత్రం సరిగానే ఉంది. "మరొకచ" నగం (మూడు లఘువులు, ఒక గురువు), "క్రమ్ముతో" రగణం (గురువు, లఘువు, గురువు). వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. ఉగాది పద్యం సంగతంటారా, ఆటవెలదికి ప్రాసయతి చెల్లుతుంది.

కాణిపాకం అక్క:
నమ్మరైరి జనులు నాడు కాన్రాడును
గెలుపు మెక్బెతుదని కేక లిడగ
దూర మెంచి విసరె చివరి చక్రమ్మును
గురియె లేనివాడు గొలుసు గొట్టె

ఇక్కడ గురి అంటే నమ్మకం. "ఆ డాక్టరు మీద నాకు గురి లేదు" అంటాం చూడండి, అదీ.

నిర్వాహకుడు, తిరుపతి:
విరుపు అదిరింది అక్కా. మూడో పాదంలో "దూ"కు "చి" యతి కుదరదు. "దూర మెంచి విసరె తుదిసారి చక్రమ్ము" అని సవరించి ఉంచాను.

చంద్రగిరి బాబాయి:
పద్యం బాగుందమ్మా. కానీ అంత దూరం నుంచి నూరుసార్లు విసిరితే ఎన్ని పడతాయి? మరుసటేడు, 2022లో, అమెరికాలోని ఎంపోరియాలో ప్రపంచ టైటిల్ గెలిచింది మెక్‌బెతే. అదీ ఆరోసారి.

కాణిపాకం అక్క:
నూరింటిలో ఒక్కటే పడనీ బాబాయ్. ఆ ఒక్కటి టైటిల్‌కు పనికి రావాలంటే ఐదు రౌండ్లు ఆడి, మెక్‌బెత్ అంతటివాడికి ఒక్క త్రో దూరంలో నిలబడి ఉండాలి కదా? నాలుగు త్రోలు వెనకబడినవాడు అదే త్రో వేసి ఉంటే చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవాళ్ళం. 2022 టైటిల్ కూడా ప్లేఆఫ్‌లోనే తేలింది. దాన్నీ అదృష్టం అంటారా? ఆ త్రో పడటంలో అదృష్టం ఉందంటే ఒప్పుకుంటా. అక్కడిదాకా రావడం మాత్రం నేర్పే. మా వినాయకుడి ముందు ప్రమాణం చెయ్యమన్నా చేస్తా.

తిరుచానూరు తమ్ముడు:
తొమ్మిదేండ్లు వరుస దొరకునే గెలుపులు
గాలివాట మొకటె కలిసి రాగ
క్లైమొ చేతి చలువ కాక యేమిటి చెప్పు
గురియె లేనివాడు గొలుసు గొట్టె?

కెన్ క్లైమో 1990 నుంచి 1998 దాకా వరుసగా ప్రపంచ విజేత. మొత్తం 12 సార్లు గెలిచాడు.

పాకాల అయ్యవారు:
శభాష్ తమ్ముడూ! పాదంలో ఒక్క అక్షరం కదపకుండా ప్రశ్నగా తిప్పేశావు. "క్లై"కి యతిగా "కా" వేయడం ఎవరికి తోస్తుంది? ఒక్క త్రోలో అదృష్టం దాక్కుంటుంది గానీ తొమ్మిదేళ్ళలో ఎక్కడ దాక్కుంటుంది? బాబాయ్, ఇప్పుడైనా "నెరిగి" పెడతారా?

చంద్రగిరి బాబాయి:
తమ్ముడి పద్యానికే నా ఓటు. "వీచి" మాత్రం అలాగే ఉంటుంది. ఆ తొమ్మిదేళ్ళూ గాలి వీచలేదా? వీచింది, అందరికీ వీచింది, గెలిచింది క్లైమో. నా పద్యంలో అదృష్టం అన్నది చూపరులు, నేను కాదు. కొటేషన్ గుర్తులు చూడకుండానే రెండో పాదం మీద పడ్డారు మీరు. సరే, ఆ ఉగాది పద్యం మూడో పాదం ఇక్కడ పెట్టండి. ప్రాసయతి అన్నారుగా, ప్రాసాక్షరానికి ముందు రెండుచోట్లా గురువైతే గురువే, లఘువైతే లఘువే ఉందో లేదో అక్క చూసి చెబుతుంది.