గ్లాస్గోలో చదువు, మందు అలవాటు లేదు: స్నేహాలు ఎలా?

ప్రశ్న:
అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది తెనాలి. సెప్టెంబరులో గ్లాస్గోలో ఎమ్మెస్సీలో చేరుతున్నాను. నాకు మందు అలవాటు లేదు, చేసుకునే ఉద్దేశమూ లేదు. పబ్బుకు వెళ్లకపోతే అక్కడ ఒక్క స్నేహితుడూ దొరకడని మా సీనియర్లు అంటున్నారు. ఏడాదంతా గదిలోనే గడిచిపోతుందేమోనని దిగులుగా ఉంది.

జవాబు:
తమ్ముడూ, మీ సీనియర్లు చెప్పింది సగమే నిజం. పబ్బుకు వెళ్లు, తాగకు. ఇక్కడి పబ్బును మన ఊరి బారులా ఊహించుకోకు. చాలా చోట్ల సాయంత్రం పూట పిల్లలతో భోజనానికి వచ్చిన కుటుంబాలు కనిపిస్తాయి. ప్రాజెక్టులో ఎవరితో జత కట్టాలి, ఏ ఇంటి యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వడు, పార్టుటైము పని ఎక్కడ ఖాళీ ఉంది, ఈ కబుర్లన్నీ అక్కడే దొర్లుతాయి. మొదటి గంటా గంటన్నర ఉంటే చాలు. ఆ తరువాత చెప్పిందే చెబుతుంటారు, వినే నీకు తప్ప ఎవరికీ విసుగు రాదు. చెప్పకుండా లేచి వచ్చేసినా మరునాడు ఎవరూ నిష్ఠూరమాడరు.

అసలు చిక్కు రౌండ్లతో. ఇక్కడ బల్ల దగ్గరకు వచ్చి ఆర్డరు తీసుకునేవాళ్లు తక్కువ. కౌంటరుకు వెళ్లి అడిగి, అప్పుడే డబ్బు కట్టి తెచ్చుకోవాలి. ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ కొంటారు, దాన్నే రౌండ్ అంటారు. నువ్వు ఆ వరుసలో చేరావా, నీ సోడాకు బదులు నలుగురి బీర్లకు డబ్బు కట్టాల్సి వస్తుంది. అందుకే కూర్చోగానే చెప్పేయి: ‘నాది నేనే తెచ్చుకుంటాను.’ దీన్ని పిసినారితనం అనుకోరు. ఎదుటివాళ్లకు కొనిపెట్టించుకుని, నీ వంతు రాగానే మాయమైతే మాత్రం చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు.

ఏం అడగాలంటావా? లైమ్ అండ్ సోడా అన్నిటికన్నా చవక. మన నిమ్మకాయ సోడాలా ఉండదు, తియ్యటి నిమ్మ షర్బతులో సోడా పోసి ఇస్తారు. స్కాట్లాండు వాళ్లు ప్రాణం పెట్టే నారింజ రంగు కూల్‌డ్రింకు ఐరన్‌బ్రూ ఉంది. ఏమీ వద్దనుకుంటే కుళాయి నీళ్లు అడుగు, లైసెన్సు ఉన్న చోట అవి ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన. పేర్లు చూసి మోసపోకు. ఇక్కడ సైడర్ అంటే ఆపిల్ రసం కాదు, మద్యమే. షాండీలో బీరు ఉంటుంది. జింజర్ బీరులో సాధారణంగా ఆల్కహాల్ ఉండదు కానీ, ఉన్న రకాలూ అమ్ముతారు. ‘లో ఆల్కహాల్’ అని రాసిన సీసాలో 1.2 శాతం దాకా ఉండవచ్చు. నీది సోడాయే అయినా గ్లాసు వదిలి ఎక్కడికీ వెళ్లకు.

ఇంకొక మాట. తెల్లవాళ్లు ఒకసారి వద్దంటే వదిలేస్తారు, కారణం కూడా అడగరు. పట్టుకుని వేధించేది మనవాళ్లే. ‘ఒక్క పెగ్గుకు ఏమవుతుంది’, ‘అమ్మకు చెప్పంలే’ అని. వాళ్లకు ఆరోగ్యమనో, మొక్కు అనో సాకు చెప్పావంటే దానికి విరుగుడు వెతుకుతారు. అలవాటు లేదని చెప్పి, వెంటనే క్రికెట్ మాట ఎత్తు.

మరొక జవాబు:
అక్కయ్య మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. పబ్బు దాకా వెళ్లకుండానే ఇక్కడ మనుషులు దొరుకుతారు. శనివారం ఉదయం 9:30కి పార్కుల్లో పార్క్‌రన్ అనే సామూహిక పరుగు ఉంటుంది. 5 కిలోమీటర్లు, ఉచితం, నడిచినా ఏమీ అనరు. ఒకసారి పేరు నమోదు చేసుకుని బార్‌కోడ్ తీసుకెళ్తే చాలు. అయిపోయాక కాఫీకి కూర్చుంటారు, పరిచయాలు అక్కడే మొదలవుతాయి. విశ్వవిద్యాలయంలో కొండలెక్కే క్లబ్బు ఉంటే తప్పక చేరండి. స్కాట్లాండులో 3,000 అడుగులు దాటిన మన్రో శిఖరాలు 282 ఉన్నాయి. గ్లాస్గోకు దగ్గరలో 974 మీటర్ల బెన్ లోమండ్ ఉంది. వానలో ఆరు గంటలు కలిసి నడిచినవాళ్లు మీ పేరు మరచిపోరు. కేలీ అనే సామూహిక నృత్యానికి కూడా వెళ్లండి, అడుగులు ఎలా వేయాలో ఒకరు ముందు నిలబడి చెబుతుంటారు.

హాస్టలు దరఖాస్తులో మద్యం లేని ఫ్లాటు అడిగే వీలుందేమో ఇప్పుడే చూసుకోండి, కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఆ సదుపాయం ఉంది. ఫ్లాటులో అందరికీ కలిపి ఒకటే వంటగది ఉంటుంది. ఆదివారం పులిహోర కాస్త ఎక్కువ కలపండి. వాసన చూసి వాళ్లే వస్తారు.

మళ్లీ ప్రశ్న:
చాలా ధైర్యం వచ్చింది, ధన్యవాదాలు. మరి పబ్బుకు వెళ్తున్నానని నాన్నగారికి ఎలా చెప్పాలి?

జవాబు:
ఫొటోలు ఊరికి చేరకముందే చెప్పు. మద్యం లేని అల్లం సోడా జింజర్ ఏల్ కూడా ఫొటోలో అచ్చం విస్కీలాగే కనిపిస్తుంది. ఎవరైనా ఫోను ఎత్తితే గ్లాసు బల్ల మీద పెట్టేయి.