సమస్యాపూరణం: వాన వెలిసినంత వగపు గలిగె

నిర్వాహకులు:

ఇచ్చిన ఒక పాదానికి మిగతా మూడు పాదాలు రాసి పద్యం పూర్తిచేయడమే సమస్యాపూరణం. ఈసారి సమస్య ఇది:

*వాన వెలిసినంత వగపు గలిగె*

ఆటవెలది నాలుగో పాదంగా రావాలి. వాన–వెలిసి–నంత–వగపు–గలిగె: అయిదూ సూర్యగణాలు (గురువు, లఘువు కలిసిన గలం కానీ, మూడు లఘువుల నగణం కానీ). 'వా'కు 'వ' యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి.

నియమాలు రెండే. రైతు దుఃఖం, కరువు, ఎండిన చెరువు వద్దు. ఆ దారిలో ఈ పాదంలో సమస్యే లేదు, వాన పోతే మనకు ఏడుపే. ఇక్కడ వగచేవాళ్లు విహారానికి బయలుదేరిన ఇద్దరు స్నేహితులు. ఎండ కోసం ఎదురుచూడాల్సినవాళ్లు ఎండను చూసి ఎందుకు బాధపడ్డారో పద్యం చెప్పాలి. చోటు న్యూజిలాండ్ దక్షిణ ద్వీపం, టె అనావ్ ఊరి నుంచి మిల్ఫర్డ్ సౌండ్‌కు వెళ్లే సుమారు 120 కిలోమీటర్ల దారి. రెండో నియమం, ఆ చోటికే చెందిన నిజం ఒకటైనా పద్యంలో ఉండాలి.

చోటు తెలియనివారికి కొంచెం. టాస్మన్ సముద్రం మీదుగా వచ్చే పడమటి గాలి, సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన కొండలకు కొట్టుకుని తడినంతా అక్కడే వదిలేస్తుంది. మిల్ఫర్డ్‌లో ఏడాదికి 6 మీటర్లు దాటి వాన పడుతుంది, ఏడాదిలో సగం రోజులు వానే. కొండల వెనకున్న టె అనావ్‌లో మాత్రం ఒక మీటరు పైచిలుకే. రెండు గంటల ప్రయాణంలో ఇంత తేడా. పేరులో సౌండ్ అని ఉన్నా అది ఫియార్డ్, అంటే మంచునది తొలిచిన లోయలోకి సముద్రం వచ్చి నిండినది. యాత్రికులు దాన్ని పడవలో తిరిగి చూస్తారు.

తుంగతీరం:

*కొండ నిండ జారెఁ గొల్లగా జలధార*
*మట్టి లేని రాతి మైన నిలదు*
*గడియలోనె యింకి కనరాక పోయెను*
*వాన వెలిసినంత వగపు గలిగె*

గణగుణం: గణాలూ యతులూ సరిపోయాయి. కొ–గొ, మ–మై, గ–క. 'మట్టి లేని రాతి మైన' మంచి పట్టు, అసలు కారణం అదే. అక్కడి కొండలకు మట్టి దుప్పటి లేదు. నాచు మీదా, ఒకదాని వేళ్లలో ఒకటి పెనవేసుకునీ చెట్లు నిలబడతాయి. ఒకటి జారితే పక్కవాటిని లాక్కుని ఒక వాలంతా ఊడివస్తుంది. కొండమీద పొడుగ్గా బోసిగా కనబడే చారలు అలా జారిన చోట్లే.

అభ్యంతరం మూడో పాదం మీద. రెండో పాదంలో మట్టి లేదన్నారు, మూడోదానిలో 'ఇంకి' అన్నారు. ఇంకాలంటే మట్టి కావాలి కదా! అక్కడ నీరు ఇంకదు, జారి సముద్రంలో కలుస్తుంది. అందుకే వాన మొదలైన కాసేపటికే వందల ధారలు పుడతాయి, ఆగాక అంత త్వరగానూ సన్నబడతాయి.

లోతునీరు: 'గడియ' కూడా సరికాదు. గడియ అంటే 24 నిమిషాలు. వాన ఆగాక ధారలు తగ్గడానికి కొన్ని గంటలు పడుతుంది, పెద్దవానైతే మర్నాటిదాకా ఉంటాయి. గడియ మాట నిజంగా అతికేది వకటిపు సరస్సుకు. 80 కిలోమీటర్ల పొడవున్న ఆ సరస్సులో నీళ్లు సుమారు పాతిక నిమిషాలకోసారి జానెడు లోపున పైకి లేచి కిందికి దిగుతుంటాయి. అడుగున పడుకున్న రాక్షసుడి గుండె కొట్టుకోవడమే అది అని మావోరీల కథ. ఎవరైనా దాన్ని వేరే పద్యంలో వాడుకోండి.

తుంగతీరం: ఒప్పుకుంటున్నాను. మూడో పాదం మార్చాను:

*పూటలోనె తరిగి పోయెఁ జాడలు లేక*

గణగుణం: ఇప్పుడు పద్యం నిలబడింది. పూ–పో యతి బాగుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి, ఫియార్డ్‌లో స్టిర్లింగ్, బోవెన్ జలపాతాలు రెండూ ఎండలోనూ ఆగవు. మొదటి పాదంలో 'కొండ నిండ' అన్నారు కాబట్టి జాడ లేకుండా పోయినవి వానధారలే అని అర్థమవుతుంది. సరే.

చినుకు:

*గాలి లేని వేళఁ గాళ్లపై మూగెను*
*నలుసువంటి యీగ నాల్గు దిశల*
*పడవ కొఱకు నిలువ బాధయే మిగిలెను*
*వాన వెలిసినంత వగపు గలిగె*

రహదారి: ఇది ఆ దారి బాగా తెలిసిన పూరణ. అక్కడి శాండ్‌ఫ్లైలు జోరువానలో, గాలిలో ఎగరలేవు. వాన ఆగి, మబ్బుపట్టి, గాలి స్తంభించిందంటే చీలమండల మీద ముసురుకుంటాయి. కుట్టేవి ఆడవే. నడుస్తుంటే తక్కువ, నిలబడితే ఎక్కువ, కాబట్టి 'పడవ కొఱకు నిలువ' అన్న మూడు మాటలూ సరిగ్గా పడ్డాయి. లేతరంగు పొడుగు ప్యాంటు, మేజోళ్లు వేసుకుని, డీట్ కానీ పికారిడిన్ కానీ ఉన్న, ఈగలను దూరంగా ఉంచే మందు కారు దిగకముందే రాసుకోవాలి. కుట్టాక రాస్తే లాభం లేదు. గోకితే దురద రోజుల తరబడి వదలదు.

గణగుణం: గణదోషం లేదు. కానీ మూడో పాదంలో బాధ, నాలుగో పాదంలో వగపు. ఒకటే మాట రెండుసార్లు. సమస్యాపాదం చెప్పబోయేదాన్ని ముందే చెప్పేస్తే దానికి పని లేకుండా పోతుంది. అక్కడ బాధ పేరెత్తకుండా ఒంటి మీద కనబడేది చెప్పండి:

*పడవ కొఱకు నిలువఁ బాదముల్ వాపెక్కె*

కొత్తచిగురు: మొదటిసారి రాస్తున్నాను, తప్పులు చెప్పండి.

*హోమరు సొరంగంలో యాత్ర సాగించిరి*
*పదికి నొకటి వాలు పట్టి దిగిరి*
*బయట పడగ నెండ భగ్గున వెలిగెను*
*వాన వెలిసినంత వగపు గలిగె*

గణగుణం: రెండో పాదం చాలా బాగుందండి. ఆ దారిలో కొండను తొలిచి 1954లో తెరిచిన ఆ సొరంగం మిల్ఫర్డ్ వైపు నిజంగానే పదికి ఒకటి వాలులో దిగుతుంది, పొడవు 1.2 కిలోమీటర్ల పైన. కొలతను ఇంత తేలిగ్గా ఆటవెలదిలో కూర్చోబెట్టడం అనుభవజ్ఞులకే కష్టం.

మొదటి పాదం తప్పింది. వేలు పెట్టి లెక్కపెట్టండి. 'హోమ' గలం, బాగుంది. తర్వాత 'రుసొరం': రెండు లఘువులు, ఒక గురువు. అది సగణం, సూర్యగణం కాదు. యతి కూడా లేదు. హకారానికీ యకారానికీ మైత్రి ఉన్నా అచ్చు కలవాలి, 'హో'లో ఓకారం, 'యా'లో ఆకారం. 'సొరంగంలో' అనే వాడుక రూపం మిగతా గ్రాంథికంలో అతకడమూ లేదు. 'సొరంగ' అనే మాట గణాల్లో ఇమడాలంటే ముందు ఒక గురువు పెట్టి, 'సొ'ను దానికి అంటించాలి: ఆసొ–రంగ–మందు. మూడు గలాలు. ఆ–యా యతి కుదురుతుంది.

రహదారి: అర్థంలో కూడా ఒక మెట్టు తక్కువైంది. ఎండ వెలిగింది, సరే, వగపెందుకు? కారణం మీ సొరంగంలోనే ఉంది. లోపల మసక వెలుగు, చెక్కుడురాతి గోడలు, పైనుంచి కారే నీళ్లు. బయటికి రాగానే తడిసిన తారు మీద ఎండ పడి అద్దంలా కొడుతుంది, వెంటనే మెలికలు తిరిగే దిగుడు. ఆ నాలుగైదు క్షణాలు నడిపేవాడికి ఏమీ కనబడదు. అందుకే సొరంగంలోకి వెళ్లేముందు నల్లకళ్లద్దాలు తీసి హెడ్‌లైట్లు వేయాలి, చివర వెలుగు కనబడగానే వేగం తగ్గించాలి. దిగుడులో బ్రేకు తొక్కిపెట్టి ఉంచకుండా తక్కువ గేరులో పెట్టాలి. వేసవి పగటిపూట అక్కడ సిగ్నల్ పెట్టి ఒక్కో వైపు వదులుతారు, పడవ వేళ లెక్కవేసేటప్పుడు ఆ ఆగడం కూడా కలుపుకోవాలి. మే నుంచి నవంబరు దాకా, మంచులో జారకుండా టైర్లకు కట్టే గొలుసులు కారులో ఉండాల్సిందే. టె అనావ్‌లో వాన పడుతోందంటే 900 మీటర్లు దాటిన సొరంగం దగ్గర అదే మంచు కావచ్చు. గొలుసులు ఇంజిన్ తిప్పే చక్రాలకే కట్టాలి, చాలా అద్దెకార్లకు అవి ముందువి. పొడినేల మీద ఒకసారి కట్టి చూసుకోకపోతే చలిలో వేళ్లు కదలవు.

లోతునీరు:

*ఉప్పునీటి మీద నొకపొర మంచినీ*
*రమరి యుండె నాకు రంగుతోడ*
*నల్లపగడ మచట నడిలోతుగాఁ దల్చె*
*వాన వెలిసినంత వగపు గలిగె*

గణగుణం: వగపు పగడానికి పెట్టారు! స్నేహితులు ఎక్కడా లేరు, నిర్వాహకులు ఒప్పుకుంటారో లేదో. పద్యం మాత్రం లోతైనది.

నిర్వాహకులు: నియమం ప్రకారం పోటీలో లెక్కకు రాదు, చర్చకు ఉంచుతున్నాం.

రహదారి: విషయం విప్పి చెప్పాలి. వాననీరు అడవిలోంచి దిగేటప్పుడు ఆకుల, నాచుల కషాయం పట్టుకుని గోధుమరంగులో వస్తుంది. ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి కలవకుండా పైన పొరగా పరుచుకుంటుంది, వెలుగును లోపలికి పోనివ్వదు. అందుకే వేరేచోట్ల చాలా లోతున బతికే నల్లపగడం ఇక్కడ పది మీటర్ల లోతులోనే కనబడుతుంది. బతికున్నప్పుడు అది తెల్లగానే ఉంటుంది, నల్లనిది లోపలి అస్థి. వానలు తగ్గితే పొర పలచబడుతుంది. వాన ఆగిన క్షణానే కాదు, నెమ్మదిగా. ఆ తొందరను కవికి వదిలేయొచ్చు.

గణగుణం: రెండో పాదంలో రెండు చిక్కులు. 'యుండెన్ + ఆకు' మీరు ఉద్దేశించింది, చదివేవాళ్లకు 'నాకు రంగు' అని వినబడుతుంది. ఆకురంగు అంటే మనకు పచ్చ, ఆ నీరు పచ్చగా ఉండదు. 'రమరి యుండెఁ దేనెరంగు తోడ' అంటే రెండూ తీరతాయి, ర–రం యతీ అలాగే ఉంటుంది.

పల్లెపదం:

*కొండచిలుక వచ్చి కొక్కిముక్కునఁ బట్టి*
*అద్దెకారు రబ్బరంత పీకె*
*తిండి చూపి పిలువఁ దీరని నష్టమై*
*వాన వెలిసినంత వగపు గలిగె*

రహదారి: కియా పక్షి. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు, వైపర్ బద్దలు, ఏరియల్ దానికి ఆటవస్తువులు. తిండి పెట్టకూడదన్న హెచ్చరిక మూడో పాదంలో ఉండటం మేలు. కానీ కియాకు వానతో పని లేదు, వానలోనూ వస్తుంది. మరి 'వెలిసినంత' అన్నది ఎందుకు?

పల్లెపదం: వాన ఆగితేనే కదా మనుషులు దిగి తలుపు తెరుస్తారు. ఆ మాట పద్యంలో లేదు, నిజమే. మార్చాను:

*తలుపు తెఱచి దిగినఁ దరుణమిదే యని*

గణగుణం: ఇప్పుడు మూడో పాదం నాలుగోదాన్ని మోస్తోంది. 'రబ్బరు + అంత' కాబట్టి 'అద్దె'లోని అచ్చుతో కలిసే స్వరయతి కూడా శుద్ధంగా ఉంది.

మేఘపుటంచు:

*కారులోన సఖుఁడు కన్నులు మూసెను*
*నూరు ధార లుఱుక నూలువోలె*
*మేలుకొనెడు వేళ మిగిలెను నునురాయి*
*వాన వెలిసినంత వగపు గలిగె*

తుంగతీరం: 'నూలువోలె' దగ్గర ఆగిపోయాను. దారిలోంచి చూస్తే అంత ఎత్తునుంచి పడే సన్నని ధార అచ్చం మగ్గం మీది పోగులాగే ఉంటుంది. గాలి విసిరితే ఆ పోగు మధ్యలో తెగి పైకి లేస్తుంది.

గణగుణం: 'నునురాయి' ఇంకా గొప్పది. మంచునది వేల ఏళ్లు ఒరిసిన రాయి అది, నీరు నిలవకపోవడానికి కారణమూ అందులోనే ఉంది. ఏమీ వివరించకుండా ఒక్క విశేషణంతో చెప్పారు. కా–క, నూ–నూ, మే–మి. 'సఖుఁడు' బదులు 'సఖియ' అన్నా గణం చెడదు.

రహదారి: ఆ సఖుడు నిద్రపోకూడదు కూడా. తడిసిన ఇద్దరు కూర్చున్న కారులో అద్దం లోపలివైపు ఆవిరి పడుతుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. ఏసీ వేసి, వేడిగాలి అద్దం మీదికి తిప్పి, లోపలి గాలే తిరిగే మీట ఆపేయాలి. ఆ పని పక్కవాడిది. ఒంటివరుస వంతెనల దగ్గర బోర్డు చదవడమూ అతనిదే: మన వైపు బాణం ఎర్రగా చిన్నదిగా ఉంటే ఆగి ఎదుటివాళ్లకు దారివ్వాలి, తెల్లగా పెద్దదిగా ఉంటే మనకు ముందు హక్కు. వానలో ముందు బండికి నాలుగు సెకన్ల దూరం. వెనక బండ్లు పోగయితే పక్కకు తీసి వదలాలి. టె అనావ్ దాటాక ఫోను పలకదు, పెట్రోలు ఆ ఊళ్లోనే నింపుకోవాలి. ధారలు చూడ్డానికి ఆగడాలతో కలిపి పడవ వేళకు మూడు గంటల ముందు బయలుదేరితే హడావిడి ఉండదు.

కొత్తచిగురు: సవరించిన పద్యం. మూడో పాదం మొత్తం మార్చాను, చూడండి.

*ఆ సొరంగమందు యాత్ర సాగించిరి*
*పదికి నొకటి వాలు పట్టి దిగిరి*
*కడను వెలుగు చూచి కన్నులు చెదరెను*
*వాన వెలిసినంత వగపు గలిగె*

గణగుణం: తప్పు లేదు. కడను–వెలుగు–చూచి, కన్నులు–చెదరెను. లెక్క సరిపోయింది, కారణం కూడా వచ్చింది.

నిర్వాహకులు: మేఘపుటంచు గారి పూరణకు మొదటి స్థానం, కొత్తచిగురు గారి సవరించిన పద్యానికి రెండోది. వచ్చే సమస్య తేటగీతిలో, అదే దారిలోని మిర్రర్ లేక్స్ అనే సరస్సుల మీద. టె అనావ్ నుంచి సుమారు 58 కిలోమీటర్లు. అక్కడి పేరు పలకను తలకిందులుగా రాసి నీటి అంచున పెట్టారు, గాలి లేనప్పుడే నీటిలో చదవగలం. పాదం ఇది:

*తిరుగఁబడినట్టి పేరది తిన్ననయ్యె*