చంద్రగిరి కొండసైకిలు రేసు: వాన వస్తుందో రాదో తేలనప్పుడు బురద టైర్లు వేయాలా, వద్దా?

కొండదారి:
వచ్చే ఆదివారం రేసు. 16 కి.మీ. చుట్టు, రెండు సార్లు తిరగాలి. ఒక చుట్టులో 10 కి.మీ. ఎర్రమట్టి బండిబాట, కిలోమీటరు చెరువు కట్ట, అర కిలోమీటరు మడికయ్యల గట్లు. మిగిలింది రాళ్ల దిగుడు, మధ్యలో రెండు వంకలు. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు. అది నెల్లూరు వైపు పోతుందా, చెన్నై వైపు పోతుందా ఇంకా తేలలేదు. సైకిలు 29 అంగుళాల చక్రాలది, 2.3 అంగుళాల వెడల్పు టైర్లు, ట్యూబ్‌లెస్. మనిషి బరువు 70 కిలోలు. 2.1 బురద టైర్ల జత ఒకటి పెట్టెలోనే ఉంది. వేసేయమంటారా?

వంకలో_ఇసుక:
వేసెయ్ అన్నా, ఆలోచించొద్దు. మన పక్క నవంబరు, డిసెంబరు వాన ఎండాకాలపు గాలివాన మాదిరి గంట కొట్టి పోయేది కాదు. పట్టిందంటే రాత్రంతా ముసురే. చెరువు కట్టలు నీళ్లు నిలవడానికే బంకమట్టితో కట్టింటారు. దగ్గర దగ్గరగా బొడిపెలున్న మామూలు టైరు ఆ మట్టిలోకి దిగితే యాభై అడుగుల్లో నున్నటి రోకలైపోతుంది. బురద టైరుకు బొడిపెలు అయిదారు మి.మీ. ఎత్తు, ఎడం ఎక్కువ, కాబట్టి తిరిగేకొద్దీ మట్టిని విసిరేస్తుంది. సన్నంగా ఉంటుంది గనక మెత్తటి పైపొరను కోసుకుని కింద గట్టినేలను అందుకుంటుంది.

గ్రీజుచేతులు:
వద్దు. ముందు నేలను లెక్కపెట్టండి. 16 కిలోమీటర్లలో బంక ఉండేది ఒకటిన్నర. మిగతా మట్టిదారంతా ఎర్ర గరప, అంటే ఇసుక కలిసిన నేల. వాన నిలిచిన రెండు మూడు గంటల్లో నీళ్లు ఇంకిపోయి, పొడి రోజుకన్నా ఇంకా బాగా పట్టు ఇస్తుంది. అసలు భయం రాళ్ల దిగుడు. శేషాచలం వైపునుంచి దొర్లివచ్చిన క్వార్ట్‌జైట్ రాయి అది. తడిస్తే, దానిమీద పాచి ఉంటే, సబ్బు రాసినట్టే. అక్కడ ఎత్తయిన సన్న బొడిపెలు ఒరిగిపోతాయి, రాతికి తగిలే రబ్బరు తక్కువ. బురద టైరు రాతిమీద జారేది అందుకే.

మామూలు 2.3 మీదే ఉండి గాలి తగ్గించండి. 70 కిలోల మనిషికి పొడిలో ముందు 21, వెనక 24 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అనుకుంటే, తడికి 19, 22. అంతకన్నా దించితే వంక రాళ్లకు రిమ్ము కొట్టుకుంటుంది, మలుపులో టైరు అంచు లేచి గాలి బుస్సుమంటుంది. ట్యూబు వేసి నడిపేవాళ్లు ఈ అంకెలు చూసి మోసపోవద్దు. వాళ్లకు 28కి తగ్గితే ట్యూబుకు పాముకాటు మాదిరి జంట చిల్లులు పడతాయి.

ఇంకోటి. ఎండలో కొట్టిన గాలి వానలో అంతే ఉండదు. 10 డిగ్రీలు చల్లబడితే సుమారు 1 పీఎస్ఐ దానంతటదే దిగుతుంది. స్టార్ట్‌కు పది నిమిషాల ముందు, నీడలో గేజీ పెట్టి చూడాలి. పంపుమీద ఉన్న ముల్లును ఈ తక్కువ అంకెల దగ్గర నమ్మలేము.

వంకలో_ఇసుక:
కిలోమీటరున్నరే కదా అంటున్నావు. రెండు చుట్లకు మూడు. గట్టినేలమీద బురద టైరుతో పోయేది సెకండ్లు. బంకలో చక్రం ఇరుక్కుంటే పోయేది నిమిషాలు, ఒక్కోసారి రేసే పోతుంది. 2.3 టైరుకు, వెనక ఫ్రేము కడ్డీకి మధ్య చాలా సైకిళ్లలో వేలు పట్టేంత సందు ఉండదు. అందులో మట్టి, గడ్డి కలిసి పిడచకట్టి, చైనుతో పాటు గేరు మార్చే డీరెయిలర్‌ను లాక్కుపోతాయి. అది ఊచల్లో పడి, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగరు విరుగుతుంది. అప్పుడు నీ 22 పీఎస్ఐ ఏం చేస్తుంది?

గ్రీజుచేతులు:
ఆ మాట ఒప్పుకుంటా. మట్టి పిడచకట్టిందంటే బలంకొద్దీ తొక్కవద్దు. దిగి, పుల్లతో గీకి, మళ్లీ ఎక్కడమే. మీ ఫ్రేముకు సరిపోయే హ్యాంగరు ఒకటి జేబులో ఉండాలి. ఒక ఫ్రేముది ఇంకో దానికి పట్టదు.

మెట్టనేల:
ఇద్దరూ రెండు టైర్లనూ ఒక్కటిగా చూస్తున్నారు. ముందు చక్రం జారితే మనిషి పడతాడు, వెనకది జారితే తోక ఊపుతుంది, అంతే. ముందుకు కాస్త ఎత్తు బొడిపెలున్న, మెత్తటి రబ్బరు 2.3 టైరు వేసి, వెనక మామూలుది ఉంచితే చాలు. నిఖార్సయిన బురద టైరు కాదు, దానికి దీనికి నడిమి రకం.

ఏది వేసినా శనివారం సాయంత్రానికే వేయాలి. ఆదివారం తెల్లవారి మైదానంలో ట్యూబ్‌లెస్ మారుస్తామనుకుంటే నవ్వులపాలే. కొత్త టైరు అంచు చేతిపంపుతో ఒక పట్టాన రిమ్ములో కూర్చోదు. కంప్రెసరో, ఒక్కసారిగా గాలి వదిలే డబ్బానో కావాలి. టైరుకు 90 నుంచి 120 మి.లీ. సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) పోసి, రెండు పక్కలా పడుకోబెట్టి తిప్పి, రాత్రంతా గాలి నిలిచిందో లేదో చూడాలి. వేసవిలో పోసిన సీలెంట్ మీదే రేసుకు పోతామంటే, మన ఎండకు అది లోపల ఎప్పుడో రబ్బరు ఉండై ఉంటుంది. వాల్వు తీసి, సన్న పుల్ల దించి చూస్తే తెలుస్తుంది.

రెండో చక్రాల జత తెచ్చుకుంటాం అనేవాళ్లకు: రెండు జతల్లో రోటర్ (బ్రేకు పళ్లెం) ఒకేచోట ఉండదు, బ్రేకు రాసుకుంటుంది. పాత చైను కొత్త గేరు పళ్లమీద ఎగురుతుంది. ముందే బిగించి తొక్కి చూడకపోతే ఆ సౌకర్యం వట్టిది.

కొండదారి:
అందరూ శనివారమే తేల్చుకోమంటున్నారు. వానేమో శనివారానికి తేలేటట్టు లేదే!

మెట్టనేల:
అందుకే నడిమి రకం టైరు అన్నది. సూచన చదివేటప్పుడు రెండు సంగతులు. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితేనే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ. అంతకన్నా తక్కువకు కూడా చెరువు కట్ట జారుడుబండే, కాబట్టి హెచ్చరిక రంగు చూసి టైరు ఎంచుకోవడం కుదరదు. రెండోది, సత్యవేడు, శ్రీకాళహస్తి దిక్కు సముద్రానికి దగ్గర, అక్కడ కుమ్మినంత చంద్రగిరిలో కొట్టాలని లేదు. ఆదివారం పొద్దున చెన్నై రాడారు బొమ్మ, మూడు గంటల సూచన చూసుకుని మార్చగలిగేది గాలి ఒత్తిడి, కళ్లద్దాలు, చొక్కా. టైరు కాదు.

చెరువుకట్ట:
టైరు గొడవ సరే, వంకల మాట ఎవరూ ఎత్తలేదు. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎట్ల పారిందో అందరికీ తెలుసు. రాయలచెరువు కట్టకు లీకు పడి కింది ఊళ్లు ఖాళీ చేయించినారు. నానిన కట్టమీద చక్రాలు పడితే చాళ్లు పడి, ఆ చాళ్లలో నీళ్లు కోసుకుంటూ పోతాయి. మరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు) పారతా ఉంటే, ఎర్రనీళ్లలో అడుగు కనపడకపోతే, సైకిలు భుజాన వేసుకుని కూడా దాటకూడదు. నిర్వాహకులు కట్టను తప్పించి ఇంకో దారి ముందే గీసి పెట్టాల. అట్ల గీస్తే ఇక్కడ వాదించుకునే బంక సగానికి పైగా పోతుంది.

గ్రీజుచేతులు:
ఇది అన్నిటికన్నా పనికొచ్చే మాట.

టైరుకన్నా ముందు బ్రేకులు చూసుకోండి. ఎర్రమట్టిలోని ఇసుక నీళ్లతో కలిస్తే సానరాయే. రెజిన్ రకం బ్రేకు ప్యాడ్లు పొడిలో నెలల తరబడి వస్తాయి, తడి ఇసుకలో ఒక్క రేసుకే అరిగిపోవచ్చు. లైనింగ్ 1 మి.మీ. లోపు ఉంటే మార్చండి. వానకు మెటల్ ప్యాడ్లు మేలు, కాకపోతే కూస్తాయి. రోటర్ మీద ‘రెజిన్ ప్యాడ్లకు మాత్రమే’ అని రాసి ఉంటే మెటల్‌వి వేయకూడదు, రోటరే అరిగిపోతుంది. కొత్త ప్యాడ్లు వేశాక ఒక మోస్తరు వేగంనుంచి నడక వేగానికి, చక్రం బిగుసుకోకుండా, ఇరవై సార్లు బ్రేకు వేయాలి. అది ఎగ్గొడితే మొదటి దిగుడులోనే తెలుస్తుంది.

చైనుకు తడి నూనె (వానకు వాడే చిక్కటిది), కీలుకు ఒక్క చుక్క, శనివారం రాత్రి. పైన మిగిలిందంతా బట్టతో తుడిచేయాలి. వాన రాకపోతే దుమ్ము పడుతుంది, నిజమే. ముప్పై కిలోమీటర్లకు ఆ దుమ్ము భరించొచ్చు. పొడి నూనె (ఎండకు వాడే పలచటిది) మాత్రం రెండో వంకలో కొట్టుకుపోయి, చైను కిర్రుమంటుంది.

వంకలో_ఇసుక:
బ్రేకుల దగ్గర పేచీ లేదు. నా ఓటు ఇంకా బురద టైరుకే. కట్ట తప్పిస్తే మాత్రం మెట్టనేల చెప్పిన నడిమి రకానికి వస్తా.

కొండదారి:
ముందుకు నడిమి రకం, వెనక ఉన్నదే. సీలెంట్ రేపే చూస్తా. ఒక్క అనుమానం. మట్టి అంటకుండా ఫ్రేము కింద కొబ్బరినూనె పూయమని ఎవరో అన్నారు. పనిచేస్తుందా?

గ్రీజుచేతులు:
డిసెంబరు తెల్లవారుజాము చలికి కొబ్బరినూనె పేరుకుంటుంది, మట్టి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పూయాలనుకుంటే సిలికాన్ స్ప్రే, అదీ బట్టకు కొట్టి బట్టతో రాయండి. చక్రాలు విప్పి పక్కన పెట్టి, ప్యాడ్లను పట్టి ఉంచే బ్రేకు కాలిపర్‌కు కవరు చుట్టాకే. రోటర్ మీద ఒక్క తుంపర పడినా ప్యాడ్లు చెత్తబుట్టకే.