పడుకుంటే ఒళ్లు కదలట్లేదు, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. ఇదేం జబ్బు?

అశోక్‌నగర్_రీడర్:
గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. ఉండేది అశోక్‌నగర్ హాస్టల్లో. పొద్దంతా చిక్కడపల్లి లైబ్రరీ, రాత్రి రెండు మూడింటి దాకా మళ్లీ రూమ్‌లో చదువు. ఏడింటికల్లా లేవకపోతే లైబ్రరీలో సీటు దొరకదు. నిద్ర చాలక మధ్యాహ్నం తిన్నాక రూమ్‌కొచ్చి గంటసేపు వాలుతా. సమస్యంతా ఆ గంటలోనే.

మెలకువ వస్తుంది, కళ్లు తెరిచే ఉంటాయి. తిరిగే ఫ్యాన్ కనిపిస్తుంది, రూమ్మేట్ ఫోన్‌లో కరెంట్ అఫైర్స్ క్లాస్ వినిపిస్తుంది. కానీ వేలు కూడా కదలదు. వాణ్ణి పిలుద్దామంటే గొంతు రాదు. తలుపు దగ్గర ఎవరో నిలబడ్డట్టు ఉంటుంది, కాసేపటికి ఛాతీ మీద బరువు. ఊపిరి ఆగిపోతుందనుకునేలోపు ఒక్కసారిగా విడిచేస్తుంది. ఒళ్లంతా చెమటలు. వాడేమో "మంచిగనే పడుకున్నావ్ కదరా" అంటాడు.

మాది హుజూర్‌నగర్ దగ్గర. అమ్మ జాన్‌పహాడ్ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి పంపింది. దిండు కింద కత్తి కూడా పెట్టుకోమంది. హాస్టల్లో కత్తి ఎక్కడిది, కటింగ్ ప్లయర్ పెట్టుకున్నా. ఇది గుండెకి సంబంధించిందా, నరాలదా, నాకేమైనా పిచ్చి పడుతోందా?

నైట్‌డ్యూటీ_సిస్టర్:
తమ్ముడూ, పిచ్చీ కాదు, గుండెజబ్బూ కాదు. నువ్వు చెప్పినదాన్నిబట్టి ఇది స్లీప్ పెరాలిసిస్. నేను విజయవాడలో ఐసీయూ నర్సుని. నైట్ డ్యూటీ వారాల్లో నాకూ వస్తుంది, మా వార్డులో ఇంకో ఇద్దరికీ వస్తుంది.

కలలు ఎక్కువగా వచ్చే దశని రెమ్ నిద్ర అంటారు. కలలో పరిగెత్తితే మంచం మీద నిజంగా కాళ్లు ఆడించకుండా, మెదడు అప్పుడు కండరాలని వదులు చేసేస్తుంది. ఒక్కోసారి మనకి మెలకువ వచ్చేస్తుంది గానీ కండరాలు ఇంకా విడుదల కావు. కల కూడా పూర్తిగా పోదు, తలుపు దగ్గర మనిషి ఆ కలలోవాడే. కంటి కండరాలకీ, ఊపిరి ఆడించే డయాఫ్రమ్‌కీ ఈ కట్టడి ఉండదు. అందుకే చూడగలుగుతున్నావు, ఊపిరీ ఆడుతోంది. కాకపోతే పక్కటెముకల మధ్య కండరాలు వదులైపోవడం వల్ల గట్టిగా పీల్చబోతే పీల్చలేవు. ఛాతీ మీద బరువు అనిపించేది అదే.

ఇక మధ్యాహ్నమే ఎందుకంటే, రెమ్ నిద్ర ఎక్కువగా నిద్ర చివరి గంటల్లో పడుతుంది. నువ్వు సరిగ్గా ఆ గంటలే కోసేస్తున్నావు. మామూలుగా నిద్రపోయిన గంటన్నరకి గానీ రాని రెమ్, బాకీ పడ్డప్పుడు ముందే వచ్చేస్తుంది. నీ మధ్యాహ్నం కునుకులోకి దూరుతోంది. కాబట్టి మందు ఆ బాకీ తీర్చడమే. పన్నెండుకల్లా పడుకో. కునుకు తప్పదంటే ఇరవై నిమిషాలకి అలారం పెట్టుకో, వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకో. వెల్లకిలా పడుకున్నప్పుడే ఇది ఎక్కువ. సాయంత్రం తర్వాత టీ వద్దు, తాగిన కెఫీన్‌లో సగం ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

వచ్చినప్పుడు లేవాలని పెనుగులాడకు, భయం ఇంకా పెరుగుతుంది. కళ్లు అటూ ఇటూ తిప్పు, కాలి బొటనవేలు మీద ధ్యాస పెట్టు. కొన్ని సెకన్లు, మహా అయితే ఒకట్రెండు నిమిషాలు. మెడికల్ షాపులో నిద్రమాత్రలు మాత్రం కొనకు.

తాయెత్తు ఉంచుకో, అమ్మకి తృప్తి. ఆ కటింగ్ ప్లయర్ తీసేయ్ నాయనా, ముఖానికి గుచ్చుకుంటుంది.

ఒసాకా_తెలుగు:
సిస్టర్ గారు చెప్పింది చదివాక ఒక మాట. ఇక్కడ జపాన్‌లో దీన్ని కనషిబారి అంటారు, ఇక్కడి కుర్రాళ్లలో చాలామందికి ఈ మాట తెలుసు. ఇక్కడా పాత దెయ్యం కథలున్నాయి. మా ల్యాబ్‌లో నాకొచ్చిందని చెబితే "థీసిస్ ఎప్పుడు ఇవ్వాలి?" అని అడిగాడు ఒకడు.

ఓరుగల్లు_బాపు:
అందరూ ఏం కాదంటున్నరు గానీ తమ్మీ, ఒకటి చూసుకో. నాకు గిట్లనే మొదలైంది. రాత్రి తొమ్మిది గంటలు పడుకున్నా పగలు బండి నడుపుతుంటే కన్ను మూతపడేది. గట్టిగ నవ్వితే మోకాళ్లు ఒదిలేసి కూలబడేటోణ్ణి. ఇంట్లో అందరూ తాగుడనుకున్నరు. న్యూరాలజిస్టు రాత్రంతా తలకి వైర్లు పెట్టి స్లీప్ స్టడీ, తెల్లారి పగటి కునుకుల టెస్టు చేయించి నార్కోలెప్సీ అన్నడు. ఇప్పుడు మందులతో నడుస్తున్నా. నిద్ర సరిపోయినంక కూడా పగలు ఆగని నిద్ర వస్తే, నవ్వినప్పుడు కండరాలు జారితే ఆలస్యం చెయ్యకు.

గురక పెట్టి మధ్యలో ఊపిరాగి ఉలిక్కిపడేది వేరే సంగతి, అది స్లీప్ అప్నియా. దానికి ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరకి పోవాలె.

అశోక్‌నగర్_రీడర్:
నవ్వితే ఏం కాదన్నా. గురక రూమ్మేట్‌కే ఉంది, వాడికి మీ మెసేజ్ చూపించా. సిస్టర్, పన్నెండుకి పడుకుంటే సిలబస్ ఎట్లా అవుతుంది? ఎకానమీ సగం అట్లనే ఉంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
రాత్రి రెండింటికి చదివిన ఎకానమీ ఎంత గుర్తుందో నువ్వే చెప్పు. రెండు మూడు వారాలు ఇలా చేసి చూడు. అప్పటికీ తగ్గకపోతే, లేదా పడుకోవాలంటేనే భయమేస్తుంటే న్యూరాలజీ ఓపీకి వెళ్లు. ఎప్పుడెప్పుడు వచ్చిందో, ఎన్నింటికి పడుకున్నావో రాసి పట్టుకెళ్తే డాక్టరుకి పని తేలిక. పరీక్షల టెన్షన్ మరీ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.