భోజన విరామంలో విశ్వాసం గురించి అడిగితే ఎలా మాట్లాడాలి?

నమస్కారం. మాది గుంటూరు. 1842లో అమెరికా నుంచి వచ్చిన మిషనరీ ఫాదర్ హేయర్ అడుగుపెట్టిన నాటి నుంచి లూథరన్ సంఘం వేళ్లూనిన ఊరు కాబట్టి, క్రైస్తవులమని చెప్పుకోవడానికి మా ఇంట్లో ఎవరమూ ఎన్నడూ తడబడలేదు. నా ఇబ్బంది మాటలతోనే.

కార్యాలయంలో నాతో పాటు క్యారేజీ విప్పి భోజనం చేసే ఒక అక్క, మా నాన్నగారు పోయిన కొన్నాళ్లకు, "ఇంత నిబ్బరంగా ఎలా ఉండగలుగుతున్నావమ్మా?" అని మనస్ఫూర్తిగా అడిగారు. నేను "ప్రభువు కృప వలన ఆదరణ పొందాను" అన్నాను. ఆవిడ మర్యాదగా తలూపి పచ్చడి గిన్నె నా వైపు జరిపారు. సంభాషణ అక్కడితో ముగిసింది. చర్చిలో సహజంగా వినిపించే మాటలు బయట వేరుగా ధ్వనిస్తాయని అప్పుడే గమనించాను: రక్షణ అంటే ఆవిడకు పోలీసు బందోబస్తు, సాక్ష్యం అంటే కోర్టు బోను. యోహాను సువార్త 4వ అధ్యాయంలో యేసు బావి దగ్గర సమరయ స్త్రీని దాహానికి నీళ్లడిగి మాట మొదలుపెట్టారు; ఆ తేలిక నాకు పట్టుబడడం లేదు.

ఆవిడతో వాదించి ఒప్పించాలన్న ఉద్దేశం నాకు లేదు, ఆవిడ పూజలంటే నాకు గౌరవమే. అడిగిన ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలన్నదే కోరిక. ఆ రోజుల్లో రాత్రిపూట ప్రార్థించాకే నిద్రపట్టేదన్న సంగతిని, ఉపదేశంలా వినిపించకుండా, వాడుక తెలుగులో ఎలా చెప్పాలి? ఆగిపోయిన ఆ మాటను మళ్లీ నేనే ఎత్తవచ్చా, లేక ఆవిడ అడిగే వరకు ఆగాలా? ఇటువంటి అనుభవం ఉన్నవారు, ముఖ్యంగా క్రైస్తవేతరులు, ఎదుటివారి ఏ మాట మిమ్మల్ని తాకిందో, ఏది ఇబ్బంది పెట్టిందో దయచేసి తెలుపగలరు.